గొంతు పోయాక దేవుడితో తగాదా

ఇది చదివేవాళ్లకు ముందే ఒక మాట చెబుతాను. చివర్లో అద్భుతం జరిగి నా గొంతు తిరిగి వచ్చిందని రాస్తానేమోనని ఎదురు చూడకండి. రాలేదు. వచ్చినంత వచ్చింది, మిగతాది రాదని డాక్టరుగారు చెప్పేశారు. నా కోపం కూడా పూర్తిగా పోలేదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఆసుపత్రి వరండాల్లో నా పక్కన కూర్చున్న ఎంతోమంది విశ్వాసులు లోపల ఉడికిపోతూ పైకి మాత్రం "అంతా ఆయన దయ" అని నవ్వడం చూశాను. నేనూ అలాగే నవ్వాను. వాళ్లలో ఒక్కరికైనా ఇది తోడుగా ఉంటుందని రాస్తున్నాను.

నా పేరు కరుణ. మాది తాడేపల్లిగూడెం దగ్గర. పెళ్లయ్యాక కృష్ణానగర్‌ వచ్చాం, ఇప్పటికీ అక్కడే అద్దెకుంటున్నాం. మా ఆయన ఆనంద్‌ యూసుఫ్‌గూడలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతారు. మా అమ్మాయి షారోన్‌ ఎనిమిదో తరగతి. అత్తయ్య మాతోనే ఉంటారు. నేను చాలా ఏళ్లుగా ఫిల్మ్‌ నగర్‌లో డబ్బింగ్‌ చెబుతున్నాను. నా మొహం మీరు చూసి ఉండరు కానీ గొంతు వినే ఉంటారు. హీరో చెల్లెలు, హాస్టల్లో హీరోయిన్‌ స్నేహితురాలు, ఐసీయూ ముందు నిలబడే నర్సు, సీరియల్లో కోడలు. హీరోయిన్‌కి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. నా చేత ముందుగా ట్రాక్‌, అంటే నమూనా డబ్బింగ్‌, చెప్పించుకునేవాళ్లు. తర్వాత పేరున్న అమ్మాయి ఎవరో వచ్చి, నేను చెప్పినట్టే చెప్పి వెళ్లిపోయేది.

పోయిన క్రిస్మస్‌కి ముందు ఆ అవకాశం నాకే వచ్చింది. పెద్ద సినిమా. హీరోయిన్‌ ఉత్తరాది అమ్మాయి, తెలుగు రాదు. ట్రాక్‌ విన్న డైరెక్టరుగారు ఈ గొంతే ఉంచేద్దామన్నారట. డబ్బింగ్‌ ఇన్‌చార్జి మూర్తిగారు ఫోన్‌ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను వంటింట్లో పప్పు తాలింపు పెడుతున్నాను. పోపు మాడిపోయింది. ఆ ఆదివారం రహమత్‌నగర్‌లోని మా చర్చిలో నిలబడి, ఆలస్యమైనా దేవుడు మర్చిపోడని సాక్ష్యం చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

జనవరిలో సినిమా మొదటి సగం పూర్తి చేశాను. పెద్ద డైలాగు చెప్పేటప్పుడు గొంతులో ఏదో అడ్డుపడినట్టుండేది. ఒకరోజు అద్దం ముందు మంచినీళ్లు తాగుతుంటే మెడ దగ్గర చిన్న ఉండ పైకి లేచి కిందికి దిగడం చూశాను. జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దాసుపత్రికి వెళ్లాం. స్కానింగు, సూది పరీక్ష అయ్యాయి. థైరాయిడ్‌ గ్రంథిలో గడ్డ ఉందనీ, అది మంచి గడ్డలా కనిపించడం లేదనీ, తీసేయాలనీ డాక్టరుగారు చెప్పారు. గొంతుకి వెళ్లే నరం ఆ గ్రంథి వెనకాలే ఉంటుందనీ, చాలామందికి ఏమీ కాదు కానీ అరుదుగా మాట పోవచ్చనీ కూడా చెప్పారు. ఆయన ఏమీ దాచలేదు.

"నా పనే గొంతు సార్‌" అన్నాను.

"తెలుసమ్మా. ఇంకా జాగ్రత్తగా చేస్తాం. కానీ వదిలేయమని మాత్రం చెప్పలేను."

ఇంట్లో గొడవ ఆ సాయంత్రమే మొదలైంది. అత్తయ్యకి ఆపరేషన్‌ అంటే ససేమిరా ఇష్టం లేదు. "కత్తి పెట్టించుకోవద్దు అమ్మాయ్‌. నేను ఉపవాసం ఉంటాను. ప్రభువు ముట్టుకుంటే అదే కరిగిపోతుంది. నీకా నమ్మకం లేదా?" అన్నారు.

"డాక్టర్ని పెట్టింది కూడా ప్రభువే కదమ్మా" అన్నారు మా ఆయన.

"నువ్వు ఊరుకోరా. నీకు లెక్కలు తప్ప ఏం తెలుసు?"

ఆయన ఊరుకున్నారు. వాళ్లమ్మ ముందు ఆయన ఎప్పుడూ ఊరుకుంటారు. నేనే తెగించి ఆపరేషన్‌కి సరేనన్నాను. దానికి తగ్గట్టే అన్నీ కలిసి వచ్చాయి. హీరోయిన్‌ డేట్లు దొరక్క రెండో సగం షూటింగే వెనక్కి పోయింది. "నువ్వు నిమ్మళంగా చేయించుకుని రా అమ్మా, నీ కోసం ఆగుతాం" అన్నారు మూర్తిగారు. చూశారా, దేవుడు ఎంత చక్కగా అమర్చాడో అనుకున్నాను. ఇన్నాళ్ల తర్వాత కూడా నాకు ఒళ్లు మండేది ఇక్కడే. ఆయన దారికి అడ్డం పడి ఉంటే ఆగిపోయేదాన్నేమో. అన్ని తలుపులూ తెరిచి, లోపలికి రానిచ్చి, అప్పుడు కొట్టాడు.

ఫిబ్రవరిలో ఆపరేషన్‌ అయింది. మెలకువ వచ్చాక నర్సు నా పేరు అడిగింది. చెప్పాను. గాలి వచ్చింది, మాట రాలేదు. మత్తు కోసం గొంతులో గొట్టం పెట్టారు కాబట్టి అలా ఉంటుందనుకున్నాం. మర్నాడూ అంతే. ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి తెర మీద చూపించారు. రెండు తెల్లటి రెక్కల్లాంటివి, అవే స్వరతంత్రులట. ఒకటి తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. రెండోది కదలడం లేదు. నరం తెగలేదనీ, కానీ పని చేయడం లేదనీ, కొన్ని నెలల్లో దానంతట అదే కోలుకోవచ్చనీ అన్నారు. కోలుకోకపోవచ్చని కూడా అన్నారు. వారం తర్వాత గడ్డ రిపోర్టు వచ్చింది. క్యాన్సరే.

మాట లేకపోవడం అంటే ఏమిటో నాకు అంతకుముందు తెలియదు. ఆటోని పిలవలేను. ఫోన్‌ ఎత్తలేను. మంచినీళ్లు గుక్కెడు తాగితే ఊపిరి గొట్టంలోకి పోయి దగ్గు, ఆ దగ్గులో కూడా బలం ఉండదు. నాలుగు మాటలు గుసగుసగా చెబితే మెట్లెక్కినట్టు ఆయాసం. ఆసుపత్రిలో పేరు పిలిస్తే "ఇక్కడున్నాను" అనలేను. చెయ్యెత్తితే ఎవరూ చూడరు. ఒకరోజు అలాగే రెండుసార్లు నా వంతు పోయింది. పక్కన టోలిచౌకి నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది, బురఖాలో. ఆమె లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి గట్టిగా అరిచింది. "అరే భాయ్‌, ఆమెకు ఆవాజ్‌ రాదు. నువ్వు పిలుస్తవ్‌, ఆమె ఎట్ల చెప్తది? జర లేచి చూడు!" తర్వాత వచ్చి నా వీపు నిమిరింది. ఆమె పేరు కూడా అడగలేకపోయాను.

మార్చి నెలంతా చూడ్డానికి వచ్చేవాళ్లు. కొందరు పళ్లు తెచ్చారు, అందరూ మాటలు తెచ్చారు. "దేవుడు ఏం చేసినా మన మేలుకే సిస్టర్‌." "ప్రాణం కాపాడి గొంతు తీసుకున్నాడు, స్తోత్రం చెప్పాలి." "నీ గొంతు నీకు దేవుడికంటే ఎక్కువై విగ్రహం అయిపోయిందేమో, పరీక్షించుకో." ఆ చివరి మాటన్నావిడ నేనిచ్చిన టీ తాగుతూ అంది. వీటిలో ఒక్కదానికి కూడా నేను జవాబు చెప్పలేకపోయాను. మంచం మీద కూర్చుని తల ఊపేదాన్ని. వాళ్లేమో నా మౌనాన్ని దేవుడికి లోబడటం అనుకుని సంతోషంగా ప్రార్థన చేసి వెళ్లేవాళ్లు. పాస్టరుగారు కూడా వచ్చారు. దేవుని సార్వభౌమత్వం గురించి చాలాసేపు చెప్పారు. ఆయన మంచివారు, చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కానీ అంతసేపటిలో ఒక్కసారైనా "నీకెలా ఉందమ్మా" అని అడిగి, నేను కాగితం మీద రాసేదాకా ఆగి ఉంటే బాగుండేది.

అత్తయ్య అసలు ఓదార్చలేదు. "నేను ముందే చెప్పాను. నమ్మి ఉంటే ఈ గతి పట్టేది కాదు" అన్నారు. ఒకసారి అని ఊరుకుంటే సరే. అన్నం వడ్డిస్తూ అన్నారు, బట్టలు ఆరేస్తూ అన్నారు, ఊరి నుంచి ఫోన్‌ చేసిన ప్రతి చుట్టానికీ నాకు వినబడేలా చెప్పారు. క్యాన్సర్‌ అని తేలింది కదా, గడ్డ ఉంచుకుంటే ఏమయ్యేదని మా ఆయన ఒక్క మాట అంటారని చూశాను. ఆయన పుస్తకాలు దిద్దుకుంటూ కూర్చున్నారు. నేను స్టీలు గ్లాసు తీసి గోడకేసి కొట్టాను. నాకు మిగిలిన అరుపు అదే. షారోన్‌ భయపడి ఏడ్చింది.

మూర్తిగారు ఆ నెలాఖర్లో ఇంటికి వచ్చారు. ఫోన్లో చెప్పేయొచ్చు, కానీ ఆ ఇరుకు మెట్లన్నీ ఎక్కి వచ్చి, కుర్చీ అంచున కూర్చుని చెప్పారు. "అబద్ధం చెప్పలేనమ్మా. షూటింగ్‌ ముగిసింది, రిలీజ్‌ దగ్గరపడింది. వేరే అమ్మాయిని పెట్టారు. రెండో సగం ఒక గొంతు, మొదటి సగం ఒక గొంతు అయితే కుదరదు కదా. నువ్వు చెప్పింది కూడా తీసేసి మొత్తం ఆ అమ్మాయి చేతే చెప్పిస్తున్నారు. నాకు చాలా బాధగా ఉంది." ఆయన కళ్లు తుడుచుకున్నారు. ఆ నెలలో దేవుడి పేరెత్తకుండా నాతో మాట్లాడిన ఒకే ఒక్క మనిషి ఆయన. నాకు నిజంగా ఓదార్పుగా అనిపించింది కూడా ఆయన రాకే. దీనికి నేను సిగ్గుపడటం లేదు.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం షారోన్‌ స్కూలు నుంచి వస్తోంది. నేను రెండో అంతస్తు వరండాలో నిలబడి చూస్తున్నాను. కృష్ణానగర్‌ సందులు మీకు తెలిసే ఉంటాయి, అటో బండి ఇటో బండి, మధ్యలో మనుషులు. షూటింగు సామాన్లు దించడానికి వచ్చిన వ్యాను ఒకటి వెనక్కి వస్తోంది. షారోన్‌ దాని వెనకే వంగి చెప్పు సరిచేసుకుంటోంది. నేను నోరు తెరిచాను. "షారోన్‌" అన్నాను. నా చెవికి కూడా వినపడలేదు. మళ్లీ అన్నాను. వ్యాను వస్తూనే ఉంది. గ్రిల్లు పట్టుకుని ఊపాను.

కింద పోర్షన్లో ఉండే మంజులక్క గుమ్మంలో బియ్యం ఏరుతోంది. మహబూబ్‌నగర్‌ వైపు మనిషి, సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేస్తుంది. గ్రిల్లు చప్పుడుకి పైకి చూసి, నా చెయ్యి చూసి, చేట పారేసి పరిగెత్తింది. "ఓ డ్రైవరూ, ఆగు! పోరి ఉంది వెనక! కండ్లు కనవడ్తలేవా!" అని ఆమె పెట్టిన కేకకి సందంతా ఆగింది. పిల్లకి ఏమీ కాలేదు. మంజులక్క దాన్ని చంకలో పెట్టుకున్నట్టు పట్టుకుని పైకి తెచ్చింది. నేను పిల్లని ఒళ్లోకి లాక్కున్నాను.

"ఏం గాలె, ఏం గాలె, ఫికర్‌ చెయ్యకు" అంది. నా పక్కన కూర్చుని, "నీ దేవుని మీద నాకే గింత కోపం వస్తున్నది కరుణమ్మా, నీకు వస్తలేదా?" అంది.

వస్తోందని తల ఊపాను. మొదటిసారి ఎవరో ఒకరికి నిజం చెప్పాను.

మే నెలలో నాకు ఇంకో చికిత్స చేశారు. మిగిలిన క్యాన్సర్‌ పోవడానికి రేడియేషన్‌ మందు మింగించి కొన్నాళ్లు ఒంటరిగా ఒక గదిలో ఉంచుతారు. మన ఒంట్లోంచి వచ్చే కిరణాలు వేరేవాళ్లకు తగలకూడదట. అన్నం తలుపు దగ్గర పెట్టి వెళ్లిపోతారు. కిటికీ తెరవడానికి లేదు, అద్దంలోంచి జూబ్లీహిల్స్‌ బండరాళ్లూ వాటి మీద కట్టిన ఇళ్లూ కనిపిస్తాయి. ఆ గదిలో మొదటి మధ్యాహ్నమే నేను దేవుడితో తగాదా పెట్టుకున్నాను. గొంతు లేదు కాబట్టి పెదవులతోనే. అటూ ఇటూ నడుస్తూ, ఆయాసం వస్తే ఆగుతూ, వేలు చూపిస్తూ.

నువ్వు చూడలేదని అనుకోగలిగితే నాకు సుఖంగా ఉండేది, అన్నాను. నీ చెయ్యి దాటిపోయింది, నువ్వు కూడా అయ్యో అనుకున్నావు అని ఎవరైనా చెబితే క్షమించేసేదాన్ని. కానీ నేను అలా నమ్మలేదు. చిన్నప్పటి నుంచి నువ్వే అన్నీ ఏలుతున్నావని నేర్చుకున్నాను. ఆ నరం పక్కన కత్తి కదిలినప్పుడు నువ్వు ఆ గదిలో ఉన్నావు. ఆపలేదు. నా బిడ్డ వ్యాను వెనక వంగినప్పుడు నా నోట్లోంచి ఒక్క కేక రానిస్తే నీ సొమ్మేం పోయేది? మంజులక్క కేక వేసింది కదా అంటావు. నేను తల్లిని. నా కేకే కావాలి నాకు.

చాలాసేపు తిట్టాను. పిడుగు పడలేదు. అలసిపోయి మంచం మీద పడుకున్నాక ఒక సంగతి తోచింది. నేను ఇన్ని మాటలూ ఆయనతోనే అన్నాను. గోడతో అనలేదు, గాలితో అనలేదు. లేని మనిషితో ఎవరూ తగాదా పడరు. ఆయన రాజు కాడని అనుకున్న రోజున నాకు కోపం పోతుంది, దానితోపాటే నాకంటూ ఉన్న ఒకే ఒక్క దిక్కూ పోతుంది. అంతకంటే ఈ కోపమే నయం. శిలువ వేయడానికి ముందు రాత్రి తోటలో ప్రార్థిస్తూ యేసు కూడా ఆ బాధ తప్పించమని తండ్రిని అడిగాడు. చెమటలు కక్కుతూ అడిగాడు. తప్పించలేదు. సొంత కొడుక్కే కాదన్నవాడు. నాకు కాదన్నాడంటే నేను పరాయిదాన్నని అర్థం కాదు కదా. దాంతో నాకు సంతోషమేమీ రాలేదు. కానీ ఆపరేషన్‌ తర్వాత మొదటిసారి ఒంటరిగా లేననిపించింది. ఆ పూట నిద్రపోయాను.

జులైలో నరం కోలుకోదని తేల్చారు. కదలని రెక్కని లోపలికి జరపడానికి ఇంజెక్షన్‌ చేశారు. తర్వాత మాట నేర్పే ఒక చిన్నమ్మాయి దగ్గర అభ్యాసం. కుర్చీని రెండు చేతులతో కిందికి నొక్కుతూ "ఆ" అనాలి. మెడ ఒక పక్కకు తిప్పి "ఈ" అనాలి. మొదట చిరిగిన గుడ్డ చప్పుడు. తర్వాత బొంగురు మాట. నీళ్లు తాగితే దగ్గు రావడం తగ్గింది. ఫోన్లో నా మాట విన్నవాళ్లు "అన్నా, కరుణగారున్నారా?" అని అడిగేవాళ్లు. షారోన్‌ నవ్వేది. నేనూ నవ్వడం నేర్చుకున్నాను.

సెప్టెంబరులో మూర్తిగారు ఫోన్‌ చేశారు. ఒక హారర్‌ సినిమాలో ముసలి దెయ్యానికి గొంతు కావాలట. అడగడానికి ఆయనకే మొహమాటంగా ఉంది. వెళ్లాను. ఫిల్మ్‌ నగర్‌లో అదే డబ్బింగ్‌ థియేటరు, అదే మైకు. నాలుగు మాటలకోసారి ఊపిరి తీసుకుంటూ చెప్పాను. బాగుందన్నారు. ఇంటికి వచ్చి బాత్‌రూంలో తలుపేసుకుని ఏడ్చాను.

చర్చిలో ఈ సంగతి తెలిసి ఒక సిస్టర్‌ సంబరపడిపోయింది. "చూశావా, దేవుని ప్రణాళిక! ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరిచాడు."

"అంటే అక్కా, నాకు దెయ్యం డబ్బింగ్‌ ఇప్పించడానికి నా గొంతు తీశాడంటారా?" అన్నాను. ఈసారి జవాబు చెప్పడానికి గొంతుంది.  ఆయన ప్రణాళిక ఉందని నేనూ నమ్ముతాను. అది మనకి కనిపించేసిందని చెప్పేవాళ్లని మాత్రం నమ్మను.

మొన్న ఆదివారం పాస్టరుగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. వద్దన్నాను. "నీకు ఎలా అనిపిస్తే అలాగే చెప్పమ్మా" అన్నారు. మార్చిలో మా ఇంట్లో కూర్చున్న పాస్టరుగారిలా లేరు. బహుశా ఎవరో ఏదో చెప్పి ఉంటారు, లేదా ఆయనే ఆలోచించి ఉంటారు. లేచి నిలబడ్డాను. మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని చెప్పాను.

"నా గొంతు తిరిగి రాలేదు. క్యాన్సర్‌ ప్రస్తుతానికి లేదన్నారు, ఇంకా పరీక్షలున్నాయి. నాకు దేవుడి మీద కోపంగా ఉంది. ఆయన తప్పు చేశాడని అనడానికి నేనెవర్ని? కానీ నొప్పి పెట్టింది, పెట్టలేదని అబద్ధం చెప్పను. ఆయనే రాజు. అందుకే నా కోపం ఆయన దగ్గరికే తీసుకెళ్తున్నాను. మీరు ఎవరినైనా చూడ్డానికి వెళ్తే ఆయన తరఫున సమాధానం చెప్పకండి. పక్కన కూర్చోండి. అంతే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాస్టరుగారు నెమ్మదిగా ఆమేన్‌ అన్నారు. వెనక వరసలో ఒక పెద్దాయన తల దించుకుని ఏడుస్తున్నారు. మా ఆయన నా కోసం కుర్చీ జరిపి, అందరూ చూస్తుండగానే, వాళ్లమ్మ పక్కనే ఉన్నా సరే, నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

 ఇంటికి వచ్చాక అత్తయ్య చీర కూడా మార్చుకోకుండా మంచం మీద కూర్చున్నారు.

"అందరి ముందూ అలా అనేశావేంటి అమ్మాయ్‌?"

"నిజమే కదా అత్తయ్యా."

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "నీ ఆపరేషన్‌ దాకా రోజూ ఉపవాసం ఉన్నాను. నీ గొంతు జాగ్రత్త అని అడిగాను. ఆపరేషన్‌ వద్దన్నాను కానీ, నువ్వు చేయించుకుంటున్నావని అడక్కుండా ఉంటానా? మోకాళ్లు వాచిపోయాయి. వినలేదు ఆయన." ఆవిడ మోకాళ్లు నిమురుకున్నారు. "నన్ను సిగ్గుపరిచాడు. ఆయన మీద అరవడానికి భయమేసింది. నువ్వు దొరికావు, నీ మీద అరిచాను."

 ఆవిడ నన్నన్న మాటలన్నీ అంత తేలిగ్గా మర్చిపోయే రకం కావు. అది కూడా చెప్పాను. "మీరన్నవి నేనింకా మర్చిపోలేదు."

"మర్చిపోవద్దులే" అన్నారు.

వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఇప్పుడు అరవండి, ఆయన మీద. ఏం కాదు. నేను అరిచాను కదా, బతికే ఉన్నాను."

ఆవిడ కొంగు తల మీదికి లాక్కున్నారు. మామూలుగా ప్రార్థన మొదలుపెట్టే పెద్ద మాటలేవీ రాలేదు. కూరగాయల వాడితో బేరంలో గొడవ పడే గొంతుతో, "ఏమయ్యా ప్రభువా, నా కోడలు నిన్నేం చేసింది?" అని మొదలుపెట్టారు. చాలా అడిగారు. నా గొంతు గురించి, నాకొచ్చిన సినిమా గురించి, వాచిన మోకాళ్ల గురించి. ముక్కు చీదుకుంటూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. చివర్లో, "అయినా నువ్వే దేవుడివి. మేమెక్కడికి పోతాం? నీ ఇష్టమే కానీ" అన్నారు. ఆ మాట అనేటప్పుడు కూడా ఆవిడ గొంతులో కోపం తగ్గలేదు.

నేను ఆమేన్‌ అన్నాను.